నౌకాదళం వదిలి.. పసి మనసుల వైపు

మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఏడాదిన్నర, రెండేళ్ల పిల్లలుంటే ఈ సీను మీకు కొత్తేం కాదు. అమ్మ చెప్పులు వేసుకోవడం చూశారో లేదో ఏడుపు మొదలు. కాళ్లకు చుట్టుకుపోతారు. విడిపించుకుని బయటపడేసరికి ఆమెకు తల ప్రాణం తోకకొస్తుంది. బాగా చంకనెక్కించుకున్నావు, అందుకే ఇలా తయారైందని చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరో ఒకరు ఆ తల్లినే అంటారు కూడా.

ఆ ఏడుపు మొండితనం కాదు, గారాబం వల్ల వచ్చిందీ కాదు. తిండీ నిద్రల్లాగే పసివాళ్లకు అదీ ఒక అవసరం. ఇంత చిన్న మాటను డాక్టర్లతో, తోటి సైకాలజిస్టులతో ఒప్పించడానికి ఒక మనిషి దాదాపు తన ఉద్యోగ జీవితమంతా ఖర్చుపెట్టారు. ఆయన పేరు జాన్ బౌల్బీ. మీలో సైకాలజీయో, బీఈడీయో, నర్సింగో చదివేవాళ్లకు ఈ పేరు ఏదో ఒక పాఠంలో తగిలే ఉంటుంది. అటాచ్‌మెంట్ సిద్ధాంతం ఎవరిది? జవాబు బౌల్బీ. రెండు మార్కులు. ఆ రెండు మార్కుల వెనకున్న మనిషి సంగతి ఇవాళ చెప్పుకుందాం.

1907 ఫిబ్రవరి 26న లండన్‌లో పుట్టారాయన. తండ్రి సర్ ఆంథొనీ బౌల్బీ రాజకుటుంబానికి వైద్యం చేసిన సర్జన్. ఆరుగురు పిల్లల్లో జాన్ నాలుగోవాడు. డబ్బుకు కొదవ లేదు, పనివాళ్లకూ కొదవ లేదు. అప్పటి ఇంగ్లిష్ పెద్దింటి పద్ధతే వేరు. పిల్లలు ఆయాల చేతుల్లో పెరిగేవారు. తల్లి దగ్గర కూర్చునేది సాయంత్రం టీ అయ్యాక, రోజుకో గంట. ఎక్కువ ముద్దు చేస్తే పిల్లలు చెడిపోతారని ఆ ఇళ్లలో గట్టి నమ్మకం. జాన్‌కు స్నానం చేయించి, నిద్రపుచ్చి, నిజంగా పెంచింది మిన్నీ అనే ఆయా. అతనికి నాలుగేళ్లు నిండుతుండగా ఆమె ఉద్యోగం మానేసి వెళ్లిపోయింది. ఇంట్లో పెద్దవాళ్ల లెక్కలో ఒక పనిమనిషి మారింది, అంతే. పిల్లాడి లెక్కలో అమ్మ పోయింది. పెద్దయ్యాక కూడా ఆయన ఆ నష్టాన్ని అలాగే చెప్పుకున్నారు. ఆ తర్వాత బోర్డింగ్ స్కూలు. ఆ వయసు కుక్కపిల్లనైనా అలాంటి చోటికి పంపనని అనేంత అయిష్టం మిగిలింది ఆయనకు.

ఆయా వెళ్లిపోయింది కాబట్టే సిద్ధాంతం పుట్టిందని అనేస్తే కథ చక్కగా కుదురుతుంది. కానీ అలా వెళ్లిపోయిన ఆయాలు ఆ కాలపు ఇంగ్లండులో ఎందరో. వాళ్లు పెంచిన పిల్లలందరూ బౌల్బీలు కాలేదు. తేడా ఎక్కడొచ్చిందో తెలియాలంటే ఆయన ఇరవైల్లోకి రావాలి, అంటే మీ వయసులోకి.

కుర్రతనంలో ఆయన్ను డార్ట్‌మౌత్‌లోని రాయల్ నేవీ కాలేజీలో చేర్చారు. చదువు బాగానే సాగింది కానీ మనసు అందులో లేదు. సమాజానికి పనికొచ్చే పని ఏదైనా చేయాలని ఇంటికి రాశారు. నేవీ నుంచి విడిపించడానికి తండ్రి డబ్బు కట్టాల్సి వచ్చింది. తర్వాత కేంబ్రిడ్జిలో ట్రినిటీ కాలేజీ. తండ్రి దారిలోనే మెడిసిన్ అనుకుని చేరారు. చదువుతూ చదువుతూ సైకాలజీ వైపు మళ్లారు. 1928లో డిగ్రీ చేతికొచ్చింది. వరస ప్రకారమైతే వెంటనే లండన్ వెళ్లి ఆస్పత్రి చదువు మొదలుపెట్టాలి. ఆయన వెళ్లలేదు. ఎక్కడా ఇమడలేకపోయిన పిల్లల కోసం నడిచే ఒక చిన్న బడిలో పనికి కుదిరారు. ఇప్పుడైతే దీన్ని గ్యాప్ ఇయర్ అని గౌరవంగా పిలుస్తారు. మన ఇళ్లలో మాత్రం ఇప్పటికీ ఏడాది వేస్ట్ చేశాడనే అంటారు.

ఆ బడిలో ఇద్దరు పిల్లలు ఆయన్ను పట్టుకున్నారు. ఒకడు పదహారేళ్లవాడు. దొంగతనాలు చేసి పాత స్కూలు నుంచి గెంటించుకుని వచ్చాడు. ఎవరితోనూ కలవడు, ఎవరి మీదా ప్రేమా లేదు, కోపమూ లేదు. పసితనంలో అతనికి తల్లి అంటూ స్థిరంగా ఎవరూ లేరు. ఇంకొకడు ఏడెనిమిదేళ్లవాడు. బౌల్బీ ఎటు వెళ్తే అటు వెనకే. అందరూ వాణ్ని ఆయన నీడ అనేవారు. ఇద్దరి తీరూ పూర్తిగా వేరు. కానీ ఇద్దరి వెనకా ఉన్నది ఒకటే కథలా ఆయనకు తోచింది. అక్కడే పనిచేసే జాన్ ఆల్ఫర్డ్ అనే సహోద్యోగితో దీని గురించి గంటల తరబడి మాట్లాడేవారు. ఈ దారిలో వెళ్లాలంటే ముందు మెడిసిన్ పూర్తిచేయాలి, పక్కనే సైకోఅనాలసిస్‌లో శిక్షణా తీసుకోవాలి అని సలహా ఇచ్చింది ఆల్ఫర్డే. ఆరు నెలల ఉద్యోగం అది. ఆ తర్వాత అరవై ఏళ్లు ఆయన అడిగిన ప్రశ్న మాత్రం అక్కడిదే.

ఆల్ఫర్డ్ చెప్పినట్టే చేశారు. 1933లో డాక్టరయ్యారు, 1937లో సైకోఅనలిస్టుగా అర్హత పొందారు. ఆ రంగంలో ఉన్నవాళ్లకు తల్లిదండ్రులతో పెద్దగా పనిలేదు. పిల్లల భయాలు వాళ్ల లోపలి ఊహల్లోంచే పుడతాయన్నది నమ్మకం. లండన్‌లో పిల్లల వైద్యంలో అప్పటికే పెద్ద పేరున్న మెలనీ క్లైన్ ఆయన పనిని పర్యవేక్షించేవారు. ఒక మూడేళ్ల పిల్లాడు చికిత్సకు వచ్చాడు. క్షణం కుదురుగా ఉండడు. వాణ్ని తీసుకొచ్చే తల్లి బయట కూర్చునేది. ఆమె ఎంత ఆందోళనలో ఉందో చూస్తేనే తెలిసిపోయేది. ఆమెతోనూ మాట్లాడతానంటే క్లైన్ వద్దన్నారు. మూడు నెలలకు ఆ తల్లిని మానసిక ఆస్పత్రిలో చేర్చారని కబురొచ్చింది. పిల్లాడి చికిత్స ఆగిపోయింది. అప్పుడు కూడా క్లైన్ బెంగంతా శిక్షణకు ఇంకో కేసు వెతుక్కోవాలనేనట. బౌల్బీ తర్వాత ఎన్నోసార్లు చెప్పిన సంగతి ఇది. పిల్లాడికి వైద్యం చేస్తున్నాం, పిల్లాడి ప్రపంచమైన మనిషి తలుపు అవతల కూలిపోతోంది, చూడొద్దంటున్నారు. ఇదేం పద్ధతి అనుకున్నారాయన.

అదే సమయంలో లండన్ చైల్డ్ గైడెన్స్ క్లినిక్‌లో పనిచేస్తూ కేసు ఫైళ్లు లెక్కతీశారు. దొంగతనాలు చేసిన పిల్లలు 44 మంది. వేరే ఇబ్బందులతో వచ్చినవాళ్లు మరో 44 మంది. దొంగతనాల జట్టులో 14 మంది ఆ పాత బడిలోని పదహారేళ్ల కుర్రాడి లాంటివాళ్లు, ఎవరి మీదా మమకారం లేనివాళ్లు. ఆ 14 మందిలో 12 మంది పసితనంలో తల్లి నుంచి చాలాకాలం విడిపోయినవాళ్లే. రెండో జట్టు 44 మందిలో అలా విడిపోయినవాళ్లు ఇద్దరే. 1944లో అచ్చయిన ఈ పరిశోధనకు లోపాలున్నాయి. సంఖ్య చిన్నది, జరిగిపోయిన సంగతులు గుర్తుచేసుకుని చెప్పినవి, పైగా పిల్లలను పరీక్షించిందీ ముడి పెట్టిందీ ఆయనే. ఇవాళ పీహెచ్‌డీ గైడు దగ్గరికి ఇలాంటిది తీసుకెళ్తే వెనక్కి పంపుతారు. అయినా 12, 2 అనే ఆ రెండు అంకెలు చాలామందికి నిద్ర పట్టనివ్వలేదు.

ఈలోగా యుద్ధం. బాంబుల భయంతో లండన్ పిల్లలను పల్లెలకు తరలిస్తున్నారు. 1939 డిసెంబరులో బౌల్బీ, డొనాల్డ్ విన్నికాట్, ఇమాన్యుయెల్ మిల్లర్ కలిసి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌కు లేఖ రాశారు. అయిదేళ్లలోపు పిల్లలను తల్లి లేకుండా పంపితే ఆ దెబ్బ మామూలుది కాదని హెచ్చరిక. అప్పటికి అది గాలికే పోయింది.

యుద్ధమయ్యాక టావిస్టాక్ క్లినిక్‌లో పిల్లల విభాగం ఆయన చేతికొచ్చింది. మొదట చేసిన పనుల్లో ఒకటి దాని పేరు మార్చడం. పిల్లల విభాగం కాస్తా పిల్లలు, తల్లిదండ్రుల విభాగమైంది. బోర్డు మీద ఒక్క మాట చేర్చడమే అనుకోకండి. 1949లో ఆయన ఒక కేసు గురించి రాశారు. ఎన్ని రోజులు చూసినా దారికి రాని ఒక టీనేజీ కుర్రాణ్ని, అమ్మానాన్నల్ని ఒకే గదిలో కూర్చోబెట్టారు. మొదట ఒకరి మీద ఒకరు ఫిర్యాదులు కురిపించుకున్నారు. తర్వాత మాట మెల్లగా ఆ తల్లిదండ్రుల సొంత బాల్యం మీదికి మళ్లింది. వాళ్లు పిల్లాడితో ఎందుకలా ఉంటున్నారో అక్కడ దొరికింది. తప్పు నీదే అని తల్లికి చెప్పడం ఒకటి, నీకు ఎవరూ సాయం చేయలేదు కదా అని అడగడం మరొకటి. బౌల్బీ రెండోది మొదలుపెట్టారు. కుటుంబాన్ని కలిపి చూసే వైద్యానికి తొలి అడుగుల్లో దీన్నీ చెబుతారు.

ఇప్పుడు మీకు ఇంకో మనిషిని పరిచయం చేయాలి. జేమ్స్ రాబర్ట్‌సన్. స్కాట్లండ్‌లో కార్మిక కుటుంబం నుంచి వచ్చినవాడు. యుద్ధకాలంలో అన్నా ఫ్రాయిడ్ లండన్‌లో నడిపిన పిల్లల నర్సరీలో బాయిలర్ చూసుకునే పని. అక్కడొక నియమం ఉండేది. వంటవాళ్లయినా, బాయిలర్ మనిషయినా, పిల్లల గురించి తాము చూసింది కార్డు మీద రాసివ్వాలి. చూడటం, చూసింది చూసినట్టు రాయడం రాబర్ట్‌సన్ అక్కడే నేర్చుకున్నారు. 1948లో బౌల్బీ ఆయన్ను పరిశీలకుడిగా తీసుకున్నారు. పని ఏమిటంటే ఆస్పత్రుల్లో ఉన్న పిల్లల్ని చూడటం.

అప్పటి బ్రిటిష్ ఆస్పత్రుల్లో పిల్లల్ని చూడ్డానికి తల్లిదండ్రులకు కొన్నిచోట్ల వారానికి గంటో రెండు గంటలో, కొన్నిచోట్ల అదీ లేదు. అమ్మ వచ్చి వెళ్తే పిల్లలు ఏడుస్తారు, వార్డు గోలగా ఉంటుంది, రాకపోతే రెండు రోజుల్లో సర్దుకుంటారు అనేది నర్సుల అనుభవం. రాబర్ట్‌సన్ ఆ సర్దుకోవడాన్నే దగ్గరగా చూశారు. మొదట పిల్లలు గట్టిగా ఏడుస్తారు, తలుపు వైపే చూస్తారు. తర్వాత నిస్తేజమైపోతారు. చివర్లో అందరితో నవ్వుతూ ఉంటారు, ఏం పెట్టినా తింటారు. వార్డులో అందరూ హమ్మయ్య అనుకునేది అప్పుడే. కానీ ఆ దశలో అమ్మ వస్తే ఆమెను ఎవరో తెలియనట్టు చూస్తారు. దాన్నే ఆయన, బౌల్బీ అన్నింటికంటే ప్రమాదకరమైన దశ అన్నారు.

మాటలతో చెబితే డాక్టర్లు నమ్మలేదు. రాబర్ట్‌సన్ సినిమా కెమెరా పట్టుకున్నారు. లారా అనే పాప, వయసు రెండేళ్ల అయిదు నెలలు, బొడ్డు దగ్గర హెర్నియా ఆపరేషన్, ఆస్పత్రిలో ఎనిమిది రోజులు. కావాలని ఏరి తీశారని ఎవరూ అనకుండా పాపను లెక్క ప్రకారం ఎంపిక చేశారు. ఏడ్చే భాగాలే తీశారని అనకుండా రోజూ నిర్ణీత వేళల్లోనే చిత్రీకరించారు. లారా పెద్దగా ఏడవదు. అదే ఆ సినిమా బలం. ఏడుపును మింగుతూ, బొమ్మను పట్టుకుని, అమ్మ ఎక్కడని మెల్లగా అడుగుతుంటుంది. తల్లి వచ్చినప్పుడు మొహం తిప్పేసుకుంటుంది. ఇంటికెళ్లే రోజు తన సామాన్లన్నీ తనే మోసుకుంటుంది, అమ్మ చెయ్యి మాత్రం పట్టుకోదు. 1952లో రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్‌లో ఈ సినిమా వేస్తే సభలో చాలామంది మండిపడ్డారు. వృత్తిని అవమానిస్తున్నారన్నారు. కొందరు మాత్రం తిరిగి తమ వార్డులకు వెళ్లి మళ్లీ చూశారు. 1959లో ప్లాట్ కమిటీ తల్లిదండ్రులు పిల్లల్ని ఎప్పుడైనా చూసేలా, చిన్నపిల్లలతో తల్లి ఉండిపోయేలా ఏర్పాటు చేయాలని ప్రభుత్వానికి సిఫార్సు చేసింది. అమలుకు ఇంకా ఏళ్లు పట్టింది.

మన దగ్గర పిల్లల వార్డుకు వెళ్లి చూడండి. మంచం మీద పాపతో పాటు తల్లో అమ్మమ్మో ముడుచుకుని పడుకుని ఉంటారు, కింద క్యారియరు, ఫ్లాస్కు. స్టాఫ్‌కు అది ఇరుకే, విసుగే. రేపు మీలో ఎవరైనా ఆ వార్డులో నర్సుగానో డాక్టరుగానో నిలబడి విసుక్కునే రోజున లారా గుర్తొస్తే మంచిదే.

1950లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బౌల్బీకి ఒక పని అప్పగించింది. యుద్ధం వల్ల ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న పిల్లల మానసిక ఆరోగ్యం మీద నివేదిక. ఐరోపా దేశాలు, అమెరికా తిరిగి ఆరు నెలల్లో రాశారు. 1951లో వెలువడింది. సామాన్య పాఠకుల కోసం కుదించి వేసిన పుస్తకం ఎన్నో భాషల్లోకి వెళ్లింది. పసిబిడ్డకు తల్లితోగానీ, తల్లి స్థానంలో స్థిరంగా ఉండే మనిషితోగానీ ఆప్యాయమైన, తెంపులేని బంధం కావాలి, ఆ బంధం ఇద్దరికీ ఆనందమివ్వాలి అన్నది సారాంశం. అందులోనే ఇంకో మాట ఉంది, దాన్ని చాలామంది దాటేశారు. పిల్లలు తల్లిదండ్రుల మీద ఎలా ఆధారపడతారో తల్లిదండ్రులు సమాజం మీద అలా ఆధారపడతారు, పిల్లలు కావాలనుకునే సమాజం ముందు వాళ్ల అమ్మానాన్నల్ని చూసుకోవాలి అని.

దాటేసినందువల్ల ఏం జరిగిందంటే, ఆడవాళ్లు ఉద్యోగాలకు వెళ్లకూడదని అనేవాళ్లకు ఆ పుస్తకం ఆయుధమైంది. మార్గరెట్ మీడ్ లాంటి మానవశాస్త్రవేత్తలు అప్పుడే విమర్శించారు. బౌల్బీ తప్పు కూడా ఇందులో ఉంది. ఏళ్ల తరబడి విడిపోవడానికీ, పగలంతా ఎవరి దగ్గరో ఉండి సాయంత్రం ఇంటికి రావడానికీ మధ్య గీత ఆయన తగినంత గట్టిగా గీయలేదు. తండ్రిని బొత్తిగా పక్కన కూర్చోబెట్టారు. 1964లో గ్లాస్గోలో రుడాల్ఫ్ షాఫర్, పెగ్గీ ఎమర్సన్ 60 మంది పసిపిల్లల్ని గమనించి రాసింది చదివితే మన ఉమ్మడి ఇళ్లలో పెరిగినవాళ్లు నవ్వుకుంటారు. ఏడాదిన్నర వచ్చేసరికి చాలామంది పిల్లలు ఒకరికి కాదు, ఇద్దరు ముగ్గురికి దగ్గరయ్యారు. నాన్న, అమ్మమ్మ, తాత. ఎక్కువ గంటలు పక్కన ఉన్నవాళ్లకే దగ్గరవుతారనీ లేదు. తాము పిలిచినప్పుడు పలికిన మనిషికి దగ్గరయ్యారు.

పలకడం అంటే ఏమిటో కొలిచి చూపించింది మేరీ ఐన్స్‌వర్త్. కెనడాలో చదువుకున్న సైకాలజిస్టు. భర్త పీహెచ్‌డీ కోసం లండన్ వస్తే ఆమెకూ ఏదో ఉద్యోగం కావాలి. పేపర్లో ప్రకటన చూసి దరఖాస్తు పెట్టారు. 1950లో అలా బౌల్బీ బృందంలో చేరారు. 1954లో భర్త ఉద్యోగం వల్ల ఉగాండా వెళ్లారు. ఊరికే కూర్చోలేదు. కంపాలా దగ్గర పల్లెల్లో ఇంటింటికీ తిరిగి తల్లీపిల్లల్ని చూశారు. అక్కడ గమనించిన ఒక విషయాన్ని మీరు ఈసారి పెళ్లికి వెళ్లినప్పుడు ఫంక్షన్ హాల్లోనే చూడొచ్చు. ఏడాది దాటిన పిల్ల అమ్మ ఒడి దిగి నాలుగు అడుగులేస్తుంది, ఆగి వెనక్కి చూస్తుంది, ఇంకో నాలుగు అడుగులేస్తుంది. ఏదో శబ్దానికి జడిసి పరుగెత్తుకొచ్చి అమ్మ చీర పట్టుకుంటుంది. నిమిషం ఆగి మళ్లీ బయల్దేరుతుంది. చీర అంచు చేతికందుతుందన్న నమ్మకం ఉన్న పిల్లే ఎక్కువ దూరం వెళ్తుంది. చంకనెక్కించుకుంటే పిరికివాళ్లవుతారన్న మాటకు ఇది సరిగ్గా తలకిందులు.

తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లో 26 కుటుంబాలను బిడ్డ మొదటి ఏడాదంతా ఇంటికెళ్లి చూశారామె. ఏడాది వయసులో ఒక ఇరవై నిమిషాల పరీక్ష పెట్టారు. కొత్త గది, బొమ్మలు, కొత్త మనిషి. తల్లి కాసేపు బయటికెళ్లి తిరిగొస్తుంది. బిడ్డ ఏడ్చిందా లేదా అన్నది అసలు సంగతి కాదు. తల్లి తిరిగొచ్చాక ఏం చేసింది? కొందరు చేతులు చాపి, ఎత్తుకోగానే ఊరుకుని, మళ్లీ బొమ్మల దగ్గరికి పోయారు. ఇదే భద్రమైన బంధం. కొందరు ఎత్తుకున్నా ఊరుకోలేదు, తంతూ అంటిపెట్టుకుంటూ ఉన్నారు. ఇంకొందరు తల్లిని పట్టించుకోనట్టే ఆడుకున్నారు. ఈ చివరివాళ్లను చూస్తే మనం బుద్ధిమంతులంటాం. లారాను కూడా నర్సులు అలాగే అనుకుని ఉంటారు.

ఇళ్లలో రాసుకున్న నోట్సు తిరగేస్తే తేడా ఎక్కడుందో కనిపించింది. భద్రంగా ఉన్న పిల్లల తల్లులు ప్రత్యేకంగా ఏమీ చేయలేదు. ఖరీదైన బొమ్మలూ లేవు, రోజంతా ఆడించడమూ లేదు. బిడ్డ సైగను గమనించారు, దాని అర్థం తమ వీలును బట్టి కాక బిడ్డను బట్టి తీసుకున్నారు, ఆలస్యం చేయకుండా పలికారు. మొదటి నెలల్లో ఏడవగానే ఎత్తుకున్న పిల్లలు ఏడాది చివరికి ఎక్కువ కాదు, తక్కువ ఏడ్చారు. 1972లో సిల్వియా బెల్‌తో కలిసి ఆమె ఇది ప్రచురిస్తే ఎత్తుకుంటే అలవాటవుతుందనే పక్షం చాలా గొడవ చేసింది.

బౌల్బీ ఇంటి గొడవలు వేరే. 1950ల చివర్లో కొత్త సిద్ధాంతాన్ని సైకోఅనాలసిస్ సొసైటీలో చదివితే సొంతవాళ్లే దుమ్మెత్తిపోశారు. బాతుపిల్లల గురించీ కోతుల గురించీ చదివి వచ్చి మనిషి మనసు గురించి చెబుతాడా అన్న ధోరణి. ఆయన సొసైటీ వదిలిపోలేదు, వాదన మానలేదు. 1969, 1973, 1980ల్లో మూడు సంపుటాలు తెచ్చారు. ఇక సొంత ఇల్లు. 1938లో ఉర్సులాను పెళ్లాడారు, నలుగురు పిల్లలు. వాళ్లను పెంచింది దాదాపుగా ఆమే. ఆయన చీకటి పడ్డాకే ఇంటికొస్తారు, ఏం పని చేస్తారో చెప్పరు, నాన్న దొంగా అని పిల్లల్లో ఒకరు తల్లిని అడిగారట. దొంగతనాలు చేసే పిల్లల మీద పేరు తెచ్చుకున్న మనిషి ఇంట్లో ఈ ప్రశ్న. అయితే వేసవిలో మాత్రం స్కాట్లండ్‌లోని స్కై దీవికి అందరూ కలిసి వెళ్లేవారు. అక్కడ ఆయన పూర్తిగా వాళ్లవాడు.

ఎనభై దాటాక ఆయన చివరగా రాసిన పుస్తకం పిల్లల పెంపకం మీద కాదు, చార్లెస్ డార్విన్ జీవితం మీద. డార్విన్‌ను జీవితమంతా వేధించిన అంతుచిక్కని అనారోగ్యానికి మూలమేమిటని వెతుక్కుంటూ వెళ్లి, ఎనిమిదేళ్ల వయసులో తల్లి చనిపోయిన ఒక పిల్లాడి దగ్గర ఆగారు. ఆమె గురించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదని రాశారు. ఆ పుస్తకం 1990లో వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 2న బౌల్బీ స్కై దీవిలో కన్నుమూశారు. సమాధి కూడా అక్కడే.